టైలర్ అన్న మాట మోసిన రేకు

నేను ఒక రేకు బోర్డుని. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, చుట్టూ టేకు చట్రం. నర్సీపట్నం బజారులో ఒక కొట్టు గుమ్మం పైన నాలుగు మేకుల మీద వేలాడి బతికాను. ఆ నాలుగింటిలో ఎడమ పక్క పైమేకు మొదటినుంచీ వదులే. అందుకే నాకు భయం ఎక్కువ. గాలి కాస్త విసురుగా వీస్తే చాలు, కింద ఎవరున్నారా అని గుండె జారిపోయేది. పాలపాకెట్లు పట్టుకెళ్ళే ముసలాయన, చంకలో పిల్లతో బేరమాడే ఆవిడ, సైకిలాపి చెప్పు సరిచేసుకునేవాడు, వీళ్ళందరి తలలూ నా పూచీయే అనిపించేది. వాళ్ళేమో ఒక్కసారి కూడా తలెత్తి చూసేవారు కాదు. వంకాయ పుచ్చిందేమోనని తిరగేసి మరీ చూసే మనుషులు, నెత్తి మీద వేలాడే ఇనుము సంగతి మాత్రం పట్టించుకోరు.

పుట్టుకతో నేను బోర్డుని కాదు, తారు పీపాని. రోడ్డు వేసేవాళ్ళు నా కడుపులోని తారంతా తోడుకుని నన్ను గట్టు పక్కకి దొర్లించి పోయారు. వెల్డింగు చేసే మనిషి ఒకడు నిలువునా కోసి, మూడు రోజులు సమ్మెటతో బాది చదును చేశాడు. గుండ్రంగా బతికినదాన్ని బల్లపరుపుగా బతకమంటే మాటలా? ఇప్పటికీ ఎండ ముదిరితే నా వీపు పాత అలవాటు కొద్దీ వంగాలని చూస్తుంది.

చట్రం బిగించింది వడ్రంగి ఎరకయ్య. అతను చిత్రిక పడుతూండగా ఎదురు మేడ మీదినుంచి మార్తమ్మ టీచరు దిగివచ్చింది. మిషనరీ బడిలో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. బజారులో ఎవరు బోర్డు ఎత్తినా, దాని మీది మాట ఎక్కడ పుట్టిందో చెప్పకపోతే ఆవిడకి అన్నం సయించదు.

"ఎరకయ్యా, కార్పెంటర్ అన్న మాట ఉందే, దాని పుట్టుక లాటిన్. మొదట్లో బండ్లు చేసేవాణ్ణే అలా అనేవారు."

ఎరకయ్య చిత్రిక ఆపాడు. "మా తాత బళ్ళే సేసీవోడమ్మా! ఆ సంగతి ఇంగిలీసోళ్ళకి ఎవుడు సెప్పీసేడు?"

అక్షరాలు రాసేవాడు సింహాద్రి. అతనికి ఇంగ్లీషు రాదు. కాగితం మీద రాసిచ్చిన మాటని నెమలినో ఏనుగునో చూసినట్టు చూసి, ముందు నూలుతాడుకి సుద్ద పూసి గీతలు కొట్టుకుని, ఆపైన బొమ్మ దించినట్టు దించేవాడు. అతనికో పట్టు ఉండేది. కొట్టు తెరిచిన రోజున యజమాని బోర్డు కుడిచేతి మూల పసుపు పూసి బొట్టు పెడతాడు కదా, తర్వాత బోర్డు ఎన్ని చేతులు మారినా, ఎన్ని రంగులు వేసినా, ఆ వేలెడంత చోటు మీద మాత్రం సింహాద్రి కుంచె ఆనించేవాడు కాదు. "ఒకడి ఆశ మీద రంగు పుయ్యకూడదు" అనేవాడు.

నా మీద మొట్టమొదట రాసిన మాట ప్లంబర్. సీసం పనివాడు అని దాని అర్థమట. వెనకటి రోజుల్లో నీళ్ళ గొట్టాలు సీసంతో పోసేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని మార్తమ్మ టీచరు చెబితే, మా ప్లంబరు చేతిలోని ప్లాస్టిక్ గొట్టం కేసి చూసుకుని, "నాను సేపల వలకి కట్టీ సీసం తప్ప ఇంకో సీసం ముట్టుకోలేదండి" అన్నాడు. నాలుగేళ్ళకి విశాఖపట్నం వెళ్ళిపోయాడు.

తర్వాత స్టేషనర్. వెనకట సరుకు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ మధ్య, ఒకచోట కదలకుండా నిలబడి పుస్తకాలూ కాగితాలూ అమ్మినవాడికి ఆ పేరు పెట్టారట. మా స్టేషనరు ఎనిమిది నెలలు నిలబడ్డాడు. ఆ తర్వాత సైకిలు వెనక పెట్టె కట్టుకుని బడుల చుట్టూ తిరుగుతూ పెన్నులూ నోటుపుస్తకాలూ అమ్ముకున్నాడు. అప్పుడే ఒళ్ళు చేశాడని విన్నాను. మాట ఒకటి చెబుతుంది, మనిషి ఒకటి చేస్తాడు. మధ్యన నేను రెండు పూతల రంగు మోశాను.

మూడోసారి సింహాద్రి నా మీద రాసిన మాట టైలర్. అది పోలేదు. ఇక చెప్పబోయేదంతా ఆ మాట గురించే.

కొట్టు పెట్టినవాడు ఇమాం మాస్టారు, ఆ మాటకి ముందు ఆయన పేరే ఉండేది. సన్నటి మనిషి, చెవి మీద సుద్దముక్క, మెడలో కొలత టేపు. ఆయన ఎదురుగా మిషను మీద కూర్చునే మనిషి దాలమ్మ. అయిదో తరగతి చదివింది. మొగుడు పోయాక ఒక్కగానొక్క కూతురు కుసుమని పెట్టుకుని ఈ కొట్టులో కుట్టుపనికి చేరింది. నాకంటే భయస్తురాలిని నేను చూసింది ఆవిడనే. సూది విరిగితే ఎక్కడో ఏదో జరిగిందనేది. కుసుమ అనకాపల్లి కాలేజీలో చేరాక మరీ ఎక్కువైంది. అయిదుంపావు బస్సు అయిదున్నరకి రాకపోతే, దాలమ్మ మనసులో ఆ బస్సు అప్పటికే కాలవలో బోర్లా పడి ఉండేది. కుసుమ మలుపు తిరిగి కనబడేవరకూ ఆవిడా నేనూ కలిసే రోడ్డు కేసి చూసేవాళ్ళం. ఆవిడ గుమ్మంలో, నేను ఆవిడ నెత్తి మీద.

కొట్టు తెరిచిన రోజున మార్తమ్మ టీచరు మామూలుగానే దిగివచ్చింది. "టైలర్ అంటే కోసేవాడు మాస్టారూ. పాత ఫ్రెంచి మాట. కుట్టడం ఊసే లేదందులో."

ఇమాం మాస్టారి మొహం వెలిగిపోయింది. "విన్నావా దాలమ్మా? ఆ దేశంలో కూడా తెలుసన్నమాట. కుట్టడం ఎవరైనా కుడతారు. గుడ్డలో మనిషిని చూసి కోసేవాడే టైలరు."

దాలమ్మ తలొంచుకుని దారం ఎక్కించింది. అప్పటికే కత్తెర సంగతి ఆవిడకి చెప్పేశారు. కట్టింగ్ కత్తెర మాస్టారు తప్ప ఇంకొకరు ముట్టకూడదు. చేయి మారితే దాని నడక చెడుతుందని ఆ పనివాళ్ళ నమ్మకం. కత్తెరని చేతినుంచి చేతికి ఇవ్వరు కూడా. బల్ల మీద పెడితే రెండోవాళ్ళు తీసుకోవాలి.

నా ముఖం రోడ్డుకి, వీపు కొట్టుకి. మరి లోపలి సంగతి నాకెలా తెలుసంటారా? ఎదురుగా మార్తమ్మ టీచరు మేడ కింద మందుల కొట్టుకి పెద్ద పెద్ద అద్దాల తలుపులు. వాటిలోనే నేను మా కొట్టు చూశాను, నన్ను నేను చూసుకున్నాను. అంటే నా మీది అక్షరాలు నాకెప్పుడూ తిరగబడే కనిపించాయి. ఇలా చూసినదాన్ని కాబట్టే తర్వాత జరిగినది నాకు బాగా అర్థమైంది.

పందొమ్మిదేళ్ళు అలా గడిచాయి. మధ్యన కోత బల్ల, అవతల నిలబడి మాస్టారు, ఇవతల కూర్చుని దాలమ్మ. కాలు మిషను తొక్కుతున్నా, చేయి గుడ్డ జరుపుతున్నా, ఆవిడ చూపు మాత్రం మాటిమాటికీ బల్ల మీదికి పోయేది. మాస్టారు నేర్పలేదు, వద్దని కసరనూ లేదు. ఆవిడ అలా చూసి చూసి నేర్చుకుంది.

ఒక కార్తీకంలో మాస్టారి కుడిచేతికి వణుకు వచ్చింది. ముందు సుద్దగీత వంకర పోయింది, తర్వాత ఒక చొక్కా చంక దగ్గర కోత తప్పింది. ఆ సాయంత్రమే ఆయన కత్తెర తుడిచి, ఉర్దూ పేపరులో చుట్టి, బల్ల మధ్యన పెట్టాడు. కొత్తవలసలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నాడు.

"ఇది చేతికి ఇవ్వకూడదమ్మా. ఇక్కడ పెడుతున్నాను. తీసుకుంటే నువ్వే తీసుకోవాలి."

దాలమ్మ తీసుకోలేదు. మర్నాడూ తీసుకోలేదు. పాత బట్టలకి గుండీలు కుడుతూ, మాసికలు వేస్తూ, బల్ల మీది ఆ పొట్లం కేసి పాము కేసి చూసినట్టు చూసేది. నాలుగో రోజున కొట్టు సొంతదారు రామునాయుడు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు, ఖాళీ గది చూస్తే నిద్ర పట్టనివాడు.

"కోసీవోడు లేని కొట్టుకి ఆ బోర్డేటి దాలమ్మా? ఫోన్లు బాగుసేసీ కుర్రోడు అడుగుతన్నాడు. మాఘమాసం దాకా సూత్తాను. అప్పటికి పనీ పాటా లేకపోతే నన్ను మాటనొద్దు."

"ఇంటికాడ మిషనెట్టుకుని జాకెట్లు కుట్టుకుంటాన్లే బాబూ" అంది దాలమ్మ. అనేసి, లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఇంటి దగ్గర కుట్టుకుంటే వచ్చేదేమిటో ఆవిడకి తెలుసు. కుసుమ చదువు ఇంకా రెండేళ్ళుంది.

ఆ వారమే బ్యాండు మేళం అప్పలసూరి ఆటోలో ఒక గుడ్డ తాను తెచ్చి బల్ల మీద దించాడు. ముదురెరుపు మఖ్మల్. మాఘమాసం పెళ్ళిళ్ళకి తన మేళంలో పద్నాలుగుమందికీ కొత్త కోట్లు. మాస్టారు ఎప్పుడో ఒప్పుకున్న పని. ఆయన వెళ్ళిపోయాడని విని అప్పలసూరి తెల్లబోయాడు.

"మరేటి సేత్తాం? ఈ రంగు ఇంకెక్కడా లేదంట. సరిగ్గా పద్నాలుగు కోట్లకే ఉంది. నువ్వు కోసీగలవేటమ్మా?"

దాలమ్మ మఖ్మల్ అంచుని వేలితో ఒకసారి నిమిరింది. "రేపు సెప్తానన్నయ్యా" అంది.

ఆ మధ్యాహ్నం మార్తమ్మ టీచరు తన గౌనుకి గుండీ కుట్టించుకోవడానికి వచ్చింది. దాలమ్మ గుండీ కుడుతూ అడిగింది. "టీచరమ్మా, మరి కుట్టీదానికి ఇంగిలీసులో మాటే లేదేటి?"

"ఎందుకు లేదు? సీమ్‌స్ట్రెస్. అతుకులు కుట్టే మనిషి."

"అయితే నాను అదన్నమాట. పందొమ్మిదేళ్ళుగా నాను కాని మాట కింద కూకున్నాను."

"మాటలదేముందే పిచ్చిదానా" అంది టీచరు. "డాక్టర్ అంటే చదువు చెప్పేవాడని అర్థం. ఎదురు వీధి డాక్టరు మందుచీటీ మీద ఒక్క అక్షరం నీకు అర్థమయ్యేలా రాశాడా? మాట ముందు పుడుతుంది. మనిషి తర్వాత దాన్ని పట్టుకుని నిలబడాలి, అంతే."

"గుడ్డ పాడైపోతే? ఆ రంగు ఇంకెక్కడా లేదంట. పద్నాలుగు ఇళ్ళు, అందరూ పెళ్ళిళ్ళ మీద బతికీవోళ్ళు. ఊరంతా ఉమ్మేత్తారు. కుసుమని కూడా అంటారు, ఆ గుడ్డ పాడుసేసినావిడ కూతురని. దానికి సంబంధాలు రావు..."

"కుసుమ పెళ్ళిదాకా వెళ్ళిపోయావా అప్పుడే? గుండీ కుట్టు ముందు."

దాలమ్మ గుండీ కుట్టింది. దారం పంటితో తెంపింది. లేచి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గరికి వెళ్ళి పేపరు విప్పి కత్తెర చేతిలోకి తీసుకుంది. "కోత్తాను" అంది. ఎవరితో అన్నదో తెలియదు. నేను మాత్రం విన్నాను.

మర్నాడు అప్పలసూరికి సరేనని చెప్పి, మాస్టారి చోట నిలబడి మొదటి కోటు కోసింది. మఖ్మల్‌కి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే చేతికింద ఒదుగుతుంది, రెండోవైపు నిమిరితే అడ్డుపడుతుంది. నూగు కిందికి వాలితే రంగు లేతగా మెరుస్తుంది, పైకి వాలితే ముదురుగా నిండుగా కనిపిస్తుంది. అందుకని ముక్కలన్నీ ఒకేవైపు పెట్టి కొయ్యాలి. నూగు నిలబడినవాడి ఎడమకి వాలేలా గుడ్డ పరుచుకోవాలని మాస్టారు అంటూండగా ఎన్నోసార్లు వింది. అలాగే పరిచింది. కాగితం నమూనాలు మాత్రం కళ్ళలో పాతుకున్న బొమ్మ ప్రకారం పెట్టింది, కోటు మెడ తన కుడివైపుకి వచ్చేలా. కొలతల పుస్తకంలో మేళంవాళ్ళ వరసలో మొదటి పేరు అప్పలసూరిదే, అతని కొలతకే కోసింది. ముక్కలు తప్పలేదు. కుట్టి తగిలిస్తే కోటు కోటులాగే ఉంది.

కానీ మాస్టారి చోట నిలబడినంతసేపూ పరాయి ఇంట్లో నిలబడ్డట్టే అనిపించిందట. రెండోరోజు గుడ్డని అలాగే ఉంచి, తన మిషను ఉన్న పక్కకి, పందొమ్మిదేళ్ళు కూర్చున్న పక్కకి వచ్చి నిలబడింది. అక్కడ ధైర్యంగా ఉంది. మెడ కుడివైపే పెట్టి, ఒక్కొక్కటిగా ఆరు రోజుల్లో పదమూడు కోట్లూ కోసేసింది. తానులో చేతి రుమాలంత గుడ్డ కూడా మిగల్లేదు.

పుష్యం చివరికి కుట్టు పూర్తయ్యాక పద్నాలుగూ వరసగా తాడు మీద తగిలించింది. అద్దంలో నేను ముందే చూశాను. పదమూడు దానిమ్మ గింజల రంగు, ఒక్కటి మాత్రం వేరేగా, ఎండ పడిన ఎర్ర మట్టిలా మెరుస్తోంది. ఒసే, చూడవే, చూడవే అనుకున్నాను. వెనక్కి జరిగి చూసింది. చూసి, దగ్గరికి వెళ్ళి ఆ ఒక్కదాని మీద చేత్తో కిందికోసారి, పైకోసారి నిమిరింది.

చాలాసేపటికి మాస్టారికి ఫోను చేసింది.

"మెడ ఎటు పెట్టావమ్మా?" ఆయన గొంతు ఫోనులోంచి బయటికే వినిపించింది.

"కుడికే మాస్టారూ. మీరు పెట్టినట్టే."

"నేను ఎడమకి పెట్టేవాణ్ణి."

దాలమ్మ ఒకసారి బల్ల అవతల మాస్టారి చోటు కేసి, ఒకసారి ఇవతల తన మిషను కేసి చూసింది.

"నువ్వు ఎదురుగా కూర్చునేదానివి కదమ్మా" అన్నాడు ఆయన మెల్లగా. "నా ఎడమ నీకు కుడి. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఇటు వచ్చి నా పక్కన నిలబడమని అనలేదు నేను. ఆ తప్పు నీది కాదు. సరే, ఇప్పుడేం చేస్తావు?"

తన మిషను పక్కనుంచి కుడికి పెట్టిన పదమూడూ సరిపోయాయి, మాస్టారి చోటునుంచి కుడికి పెట్టిన మొదటిదొక్కటే తిరగబడింది. ఇప్పుడేం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. గుడ్డ లేదు. మాఘమాసం రెండు రోజుల్లో ఉంది. మేళంలో వెనక నడిచే తాళాలవాడికి ఆ కోటు తొడిగితే ఎవరూ చూడరని పక్కకొట్టు ఆవిడ సలహా ఇచ్చింది. దాలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఒక్కరోజు కనబడకపోవచ్చు. ఏ పెళ్ళి వీడియోలోనో కనబడుద్ది. అప్పుడు ఆ తాళాలోడి మొకం ఏటవుద్ది?" అంది. రాత్రి నిద్రపోలేదనుకుంటాను, పొద్దున్న కళ్ళు వాచి ఉన్నాయి. కానీ నడకలో ముందెప్పుడూ లేని బిగువు కనబడింది.

అప్పలసూరి మేళంతో సహా రాగానే అతన్ని గుమ్మంలోనే ఆపి చెప్పింది. "అన్నయ్యా, పదమూడు కోట్లు సరిగ్గా ఉన్నాయి. ఒకటి తిరగబడిపోనాది. తప్పు నాదే. గుడ్డ లేదు, మళ్ళీ కొయ్యలేను. అది నీ కోటే."

"నాదేనా? మేళం పెద్దని పట్టుకుని నాదే పాడు సేసీసేవా?"

"పాడవలేదు, వేరేగా ఉంది. ముందు నడిచీవోడు వెనకోళ్ళలాగే ఉండాలేటి? తొడిగి సూడు. నచ్చకపోతే గుడ్డ ఎక్కడున్నా ఎతికి తెచ్చి, కూలి లేకుండా మళ్ళీ కుడతాను. ఆ రంగు దొరక్కపోతే ఇంకో రంగులో పద్నాలుగూ కుడతాను. కొట్టు ఉన్నా లేకపోయినా కుడతాను."

ఆ గొంతు విని నేనే ఆశ్చర్యపోయాను. అప్పలసూరి సణుగుతూ తొడుక్కున్నాడు. మేళంవాళ్ళు కూడా తలో కోటూ వేసుకుని రోడ్డు మీదికి వచ్చారు. అతను మందుల కొట్టు అద్దం ముందు నిలబడ్డాడు. వెనక పదమూడుమంది ముదురెరుపు, ముందు అతనొక్కడూ మెరుస్తూ. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

"ఒరేయ్" అన్నాడు క్లారినెట్ వాడితో, "పెళ్ళికొడుకు నన్ను సూసి ఏడిసేత్తాడేమోరా."

"పెళ్ళికూతురు ఏడవకుండా సూడు ముందు" అన్నాడు క్లారినెట్ వాడు.

ఆ నవ్వులో మేళం మొదలైపోయింది. మా గుమ్మం ముందే, సరిగ్గా నా కిందే. పెద్ద డోలు మోతకి గోడ అదిరింది, నా ఎడమ పైమేకు ఊడి కింద పడింది. జీవితమంతా నేను భయపడిన క్షణం అదే. కింద దాలమ్మ, పక్కనే అప్పుడే బస్సు దిగి వచ్చిన కుసుమ. పడను అనుకున్నాను. మూడు మేకులు చాలు. వంకరగా వేలాడతాను, ఒళ్ళంతా కిర్రుమన్నా సరే, ఈవేళ మాత్రం పడను. పడలేదు. మొదటిసారిగా ఒక మనిషి తలెత్తి నన్ను చూసింది. అది దాలమ్మే. కుసుమని రెక్క పట్టుకుని లోపలికి లాగి, "బోర్డు! బోర్డు పట్టండ్రా!" అని ఊరదిరేలా అరిచింది.

గుంపు చూసి వచ్చిన రామునాయుడే నిచ్చెన తెప్పించాడు. మేకు బిగించడానికి సింహాద్రి వచ్చి, కుంచె కూడా తెచ్చాడు. "పేరు మార్చమంటావేటమ్మా? ఇమాం తీసీసి దాలమ్మ అని ఎట్టీనా?"

"ఏటీ తియ్యకు. మాస్టారి పేరు అలాగే ఉండనీ. టైలర్ అని ఉంది కదా, సాలు." ఆవిడ నిచ్చెనెక్కి, నా కుడిచేతి మూల మూడు పాత బొట్ల పక్కన ఇంకో బొట్టు పెట్టింది. నాయుడు కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. ఫోన్ల కుర్రాడికి వేరే గది చూపించాడని తర్వాత తెలిసింది.

కోట్ల పని మాఘమాసం దాటినా ఆగలేదు. చుట్టుపక్కల నాలుగు మేళాలు వచ్చాయి, ముందు నడిచేవాడికి ఒకటి మెరిసేది కావాలని అడిగి మరీ కుట్టించుకున్నాయి. దాలమ్మ ఇప్పుడు దాన్ని కావాలనే తిరగేసి కోస్తుంది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. కుసుమ ఉద్యోగంలో చేరిన ఏడాది అమ్మకి కొత్త బోర్డు కట్టించింది, దీపాలున్నది. నన్ను దించారు. పాతసామాన్లవాడు బండి ఆపి నా చట్రం తట్టి చూశాడు. ఇక అంతే అనుకున్నాను. అయితే కోత బల్ల చెక్కలు అప్పటికి విచ్చుకుపోయి గుడ్డకి పట్టుకుంటున్నాయి. దాలమ్మ నన్ను తుడిచి, చట్రం ఊడదీయించి, బల్ల మీద పరిచి మేకులు కొట్టించింది. వీపంతా తుప్పు కాబట్టి ముఖం పైకి. మేకులు ఈసారి పన్నెండు.

ఇప్పుడు నేను ఎవరి నెత్తినా పడేదాన్ని కాను. నా మీద గుడ్డ పరుచుకుంటుంది, దాని మీద సుద్ద నడుస్తుంది, వెనకే కత్తెర నడుస్తుంది. కోసేవాడు అన్న ఆ పాత మాట మీదే రోజూ కోత జరుగుతోంది. అక్షరాల అంచులు అరిగి నున్నబడ్డాయి.

పని నేర్చుకోవడానికి ఈమధ్య ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. మొదటిరోజు అలవాటుగా బల్లకి అవతల, మిషను పక్కన నిలబడ్డారు. దాలమ్మ కత్తెర ఎత్తబోయి ఆగింది. దాన్ని నా మీద పెట్టి, కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఎదురుగా కాదమ్మా" అంది. "ఇటు రండి. నా పక్కన నిలబడండి."